సుంకి ఘాట్‌లో మరిగిన నీళ్లు: ఒక స్కాన్ టూల్ డైరీ

నవంబరు 9, ఆదివారం రాత్రి

విజయనగరంలో పెళ్లి భోజనం చేసి, సాలూరులో టీ తాగి, చీకటి పడేలోపు ఒడిశా కొండల మీది మా ఊరు సెమిలిగుడ చేరిపోదామని ఘాట్ ఎక్కుతున్నాం. కారులో నలుగురం. డిక్కీలో అరిసెల డబ్బాలు, అమ్మ ఒళ్లో ఎవరో ఇచ్చిన మల్లె అంటు. సుంకి ఇంకా రాలేదు. ముందు ఏసీలోంచి వేడిగాలి రావడం మొదలైంది. గ్యాస్ అయిపోయిందేమో అనుకున్నాను. రెండు మలుపులు తిరిగేసరికి టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది, బానెట్ అంచుల్లోంచి ఆవిరి.

పక్కకి ఆపి ఇంజిన్ కట్టేశాను. వెనకాలే వస్తున్న సాలూరు లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగుతూనే అరిచాడు, "మూత ముట్టుకోకండి బాబూ, ముఖం కాలిపోద్ది!" నిజానికి నా చెయ్యి అప్పటికే గుడ్డతో సహా రేడియేటర్ మూత దాకా వెళ్లింది. ఆయన బలవంతం మీద ముప్పావుగంట కూర్చున్నాం. తర్వాత ఆయన క్యాన్‌లోంచే రెండు లీటర్లకు పైగా నీళ్లు పోసి, హీటరు ఫుల్లు పెట్టి, అద్దాలు దింపుకుని, పొట్టంగి దాకా మెల్లగా వచ్చాం. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే కదా. ఇంజిన్ వేడిని మన కాళ్ల మీదకి తోస్తుంది. అమ్మ మాత్రం, "చల్లటి ఊరికి వెళ్తూ ఈ ఉక్కపోత ఏంట్రా" అంటూనే ఉంది.

ఈ డైరీ అందుకే మొదలుపెట్టాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 2014 మోడల్ పెట్రోల్ కారు, 91,000 కిలోమీటర్లు తిరిగింది. నాది మొబైల్ రిపేర్ షాపు. బోర్డు మీద సన్న టంకం వెయ్యడం వచ్చు గానీ ఇంజిన్ గురించి తెలిసింది తక్కువ. పక్కన సునాబెడలో హెచ్‌ఏఎల్ వాళ్లు యుద్ధ విమానాల ఇంజిన్లు తయారు చేస్తుంటే, ఇక్కడ నేను ఒక చిన్న కారుని కొండ ఎక్కించలేకపోతున్నానని మా బావ ఫోన్‌లో వేళాకోళం.

నవంబరు 11, మంగళవారం

స్కాన్ టూల్ వచ్చింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, ఈఎల్‌ఎం327 రకం బ్లూటూత్ బిళ్ల. స్టీరింగ్ కింద, ఎడమ మోకాలి దగ్గర, 16 పిన్నుల ఓబీడీ పోర్టు ఉంది. బిళ్ల అందులో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే ఇంజిన్ కంప్యూటర్ మాట్లాడుతుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి కాబట్టి ఈ కారుతో ఇబ్బంది లేదు.

ఒకే ఒక్క కోడ్ కనిపించింది. పీ0128. అర్థం వెతికితే, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) వేడి, థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచి మూసే వాల్వ్) ఉంచాల్సిన స్థాయికి చేరడం లేదు, అంటే ఇంజిన్ మరీ చల్లగా నడుస్తోంది.

నవ్వొచ్చింది. మొన్న పొగలు కక్కిన బండికి చలి వేస్తోందట! దానితో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఉంది. అంటే కోడ్ పడిన క్షణాన ఏ లెక్క ఎంత ఉందో తీసిపెట్టిన ఫోటో లాంటిది. కూలెంట్ 58, స్పీడు నలభై పైన ఎంతో. ఒక చూపు చూసి "ఇదేదో పాత చెత్త" అనుకుని ఇరేజ్ నొక్కేశాను. కోడ్ పోయింది, దాంతోపాటే ఫ్రీజ్ ఫ్రేమూ పోయింది. స్క్రీన్‌షాట్ కూడా తియ్యలేదు. షాపుకి వచ్చిన ఫోన్‌ని బ్యాకప్ తియ్యకుండా ఫార్మాట్ చేసే కుర్రాడిని నేనే రోజూ తిడతాను.

చల్లగా చూపిస్తూ నిజంగా కాలుతోందంటే సెన్సార్ అబద్ధం చెబుతోందని తేల్చేసి, జయపురంలో తెలిసిన షాపుకి ఫోన్ చేసి కూలెంట్ సెన్సార్ తెప్పించమన్నాను.

నవంబరు 14, శుక్రవారం

సెన్సార్ వచ్చింది. మార్చేముందు మీటర్ పెట్టి చూద్దామనిపించింది. ఈ పని మంగళవారమే చెయ్యాల్సింది.

కూలెంట్ సెన్సార్ లోపల ఉండేది థర్మిస్టర్. ఫోన్ బ్యాటరీలో కూడా అలాంటిదే ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. పాత సెన్సార్ విప్పి, గది వేడిలో కొలిస్తే 2.5 కిలో ఓమ్స్ చుట్టూ వచ్చింది. వేణ్ణీళ్లలో ముంచి 80 డిగ్రీల దగ్గర కొలిస్తే 310 ఓమ్స్. కొత్తదీ అలాగే, అటూ ఇటూగా. పాతది నిక్షేపంగా ఉంది. దాన్నే తిరిగి బిగించాను. డబ్బు దండగ.

అసలు ఏ పైసా ఖర్చు లేని పరీక్ష ఇంకొకటి ఉందని ఆ రాత్రి అర్థమైంది. పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న బండిలో, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి, కూలెంట్ వేడినీ ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడినీ పక్కపక్కన చూడాలి. రెండూ ఒకే చలిలో పడుకున్నాయి కాబట్టి దాదాపు ఒకటే చూపించాలి. మర్నాడు చూస్తే కూలెంట్ 14, గాలి 15. సెన్సార్ సత్యహరిశ్చంద్రుడు.

ఈ సందర్భంలోనే ఒక సంగతి. కనెక్టర్ పీకి చూస్తే యాప్‌లో మైనస్ 40 వచ్చింది. కారు పంపే సంఖ్యలోంచి యాప్ 40 తీసేసి మనకి డిగ్రీలు చూపిస్తుంది. 123 పంపితే 83 డిగ్రీలు. సున్నా పంపితే మైనస్ 40. కోరాపుట్ జిల్లాలో ఎంత చలి పెట్టినా మైనస్ 40 రాదు కాబట్టి, అది కనిపిస్తే వైరు తెగిందనే అర్థం. కొన్ని కార్లలో మాత్రం వైరు తెగగానే కంప్యూటర్ తన సొంత అంచనా చూపిస్తుందట, ఫ్యాన్ కూడా ఆపకుండా తిప్పేస్తుందట. నాది అలా చెయ్యలేదు.

నవంబరు 16, ఆదివారం: ఘాట్ లాగ్

ఊహలు చాలు, కొండ ఎక్కుతూ కొలుద్దాం అనుకున్నాను. బావమరిది పక్క సీట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. యాప్‌లో అన్ని లెక్కలూ ఒకేసారి పెడితే ఈ చవక బిళ్ల నత్తలా నడుస్తుంది. అందుకని కూలెంట్, లోడ్ (ఇంజిన్ మీద పడే భారం), స్పీడు, ఓల్టేజీ, ఈ నాలుగే పెట్టాను. రేడియేటర్‌లో నీళ్లు చల్లగా ఉండగానే నిండుగా పోసి బయల్దేరాం.

ముందు దిగుడు. సెమిలిగుడ నుంచి పొట్టంగి దాకా 64, 66, 63. ఇంజిన్ పూర్తిగా వేడెక్కనే లేదు. సుంకి దాటి ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు లేదు. 54కి పడిపోయింది. డాష్‌బోర్డు ముల్లు మాత్రం నడిమధ్యకి కాస్త కిందే కదలకుండా నిలబడి ఉంది.

సాలూరు బయట తిప్పుకుని ఎక్కడం మొదలుపెట్టాం. ఊరి దగ్గర 71. మొదటి ఎత్తు మలుపులకి 84. లారీ వెనక ఇరుక్కుని, 25 స్పీడులో, లోడ్ 80 శాతం దాటాక 93. అక్కడ ఓల్టేజీ 14.2 నుంచి 13.6కి ఠక్కున పడింది. ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టిందన్నమాట. ఈ బిళ్లకి ఫ్యాన్ ఆన్ అయిందో లేదో నేరుగా తెలీదు, కానీ ఫ్యాన్ మోటార్ కరెంటు లాగేటప్పుడు ఓల్టేజీ తడబడుతుంది. బావమరిది కిటికీ దింపి చెవి పెట్టి విన్నాడు, ఫ్యాన్ గుయ్యిమంటోంది. అయినా అంకె ఆగలేదు. 99. 103. ముల్లు ఇంకా మధ్యలోనే! చాలా కార్లలో ముల్లుని అలాగే కట్టేస్తారు, చిన్నచిన్న మార్పులకి జనం కంగారు పడకూడదని. 106 దాటాక ముల్లు ఊగింది. 108 దగ్గర నాకు టెన్షన్ పట్టలేక కారు ఆపేశాను.

ఎత్తు విషయం కూడా చెప్పుకోవాలి. మాది సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్లు. మూత లేని గిన్నెలో నీళ్లు ఇక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచితేనే ఆ హద్దు 120 దగ్గరికి జరుగుతుంది. నా మూత రబ్బరు వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. 9వ తేదీ ఆవిరి ఎందుకు అంత తొందరగా వచ్చిందో అప్పుడు తెలిసింది. కానీ మూత బాగోకపోతే నీళ్లు ముందుగా మరుగుతాయి తప్ప ఇంజిన్ వేడి ఎక్కడం దానివల్ల మొదలవదు.

ఇంటికి వచ్చి రాసుకున్నది ఇది: దిగుడులో అతి చలి, ఎగుడులో అతి వేడి. ఫ్యాన్ పాడైతే ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు వేడెక్కి, రోడ్డు మీద పరిగెడితే చల్లబడాలి. రేడియేటర్ పూడుకుపోతే ఎగుడులో వేడెక్కుతుంది, కానీ చదునులో 64 ఎందుకు ఉంటుంది? థర్మోస్టాట్ మూసుకుపోతే అన్నిచోట్లా వేడే. తెరుచుకుని ఉండిపోతే చలే, వేడెక్కకూడదు. ఏ లెక్కా కుదరలేదు. పైగా ఇంటికి చేరిన కాసేపటికి ఎవరో పిలిచినట్టు అదే కోడ్ మళ్లీ వచ్చి కూర్చుంది. పీ0128. ఈసారి చెరపలేదు.

నవంబరు 19, బుధవారం

పొద్దున్నే ఆరున్నరకి, బయట 12 డిగ్రీలు. థర్మోస్టాట్ పనితీరు చూడాలంటే చల్లటి ఇంజిన్ మొదటి పావుగంటలోనే చూడాలి.

హోసుల వేడి కొలవడానికి ఇంట్లో కరోనా రోజుల నాటి నుదుటి థర్మామీటర్ తెచ్చాను. హోసు మీద పెడితే "హై" అని చూపించి ఊరుకుంది. దానికి జ్వరమే తెలుసు పాపం. చివరికి షాపులో మల్టీమీటర్‌కి ఉన్న, వేడి కొలిచే కె-టైపు తీగ తెచ్చి, దాని పూసని రేడియేటర్ కింది హోసుకి పాత సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా కట్టాను. ఈ కారులో థర్మోస్టాట్ గూడు ఉండేది ఆ హోసు చివరే.

బాగున్న బండిలో ఇలా జరగాలి. ఇంజిన్ వేడెక్కుతున్నా కింది హోసు చల్లగానే ఉంటుంది, ఎందుకంటే వాల్వ్ మూసి ఉండి నీళ్లని రేడియేటర్ వైపు పోనివ్వదు. యాప్‌లో కూలెంట్ వేడి గీత నిటారుగా లేచి 80 దాటాక వాల్వ్ తెరుచుకుంటుంది, గీత ఒక చిన్న మోకాలు వంచి, కాస్త దిగి, నిలబడుతుంది. హోసు అప్పుడు వేడెక్కుతుంది.

నా కారులో మూడో నిమిషానికే హోసు గోరువెచ్చన. కూలెంట్ 31 ఉంటే హోసు 24. కూలెంట్ 45కి హోసు 37. తల్లి వెనక పిల్ల నడిచినట్టు ఇంజిన్ వెనకే హోసు. గీతలో మోకాలు అన్నది లేదు, చింతబరికెలా ఏటవాలుగా పోతూనే ఉంది. పదకొండు నిమిషాలకి 60.

అంటే వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది. లేదా...

నవంబరు 20, గురువారం

మేస్త్రి షెడ్డు. ఈయనది సాలూరే, ముప్పై ఏళ్లుగా సెమిలిగుడలో ఉంటున్నారు. గ్రాఫ్ చూపిస్తే కళ్లజోడు పైకి నెట్టి కాసేపు చూశారు. "ఈ గీతలు నాకు అర్థం కావు గానీ బాబూ, మీరు చెప్పింది మాత్రం అర్థమైంది" అన్నారు. కుర్రాడిని పిలిచి గూడు విప్పమన్నారు. రెండు బోల్టులు, పదో నంబరు స్పానర్. కింద టబ్బులోకి ఇటుకపొడి రంగులో నీళ్లు కారాయి. కూలెంట్ అన్న పేరు ఎక్కడా లేదు, బోరు నీళ్లే.

గూడు మూత ఊడొచ్చింది. లోపల ఏమీ లేదు.

మేస్త్రి వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసి నవ్వారు. "ఇల్లుంది గానీ తలుపు లేదు."

ఎవరో ఎప్పుడో పీకేశారు. ఇది మన దగ్గర మామూలే. బండి వేడెక్కుతోందంటే ముందు చేసే పని థర్మోస్టాట్ తీసి పారెయ్యడం. మేస్త్రి కూడా ఒప్పుకున్నారు, "పాత జీపులకి మేమూ తీసేసేవాళ్లం. నీళ్లు అడ్డం లేకుండా తిరుగుతాయి, చల్లగా ఉంటాది కదా అని." మరి ఈ కారు తీసేశాక కూడా ఎందుకు కాలింది? అక్కడే మా ఇద్దరికీ అరగంట వాదన జరిగింది. నేను ఓడిపోయాను అనుకునేలోపు గూట్లోకి టార్చి వేసి చూస్తే దొరికింది.

గూడు లోపల రెండు దారులు ఉన్నాయి. ఒకటి రేడియేటర్ నుంచి వచ్చేది, పెద్దది. రెండోది ఇంజిన్ నుంచి నేరుగా పంపులోకి తిరిగొచ్చే అడ్డదారి, అంటే బైపాస్. ఈ రకం వాల్వ్‌కి రెండు పళ్లేలు ఉంటాయి. చలిలో పై పళ్లెం రేడియేటర్ దారి మూస్తుంది, అడ్డదారి తెరిచి ఉంటుంది. వేడెక్కి లోపలి మైనం ఉబ్బితే పై పళ్లెం తెరుచుకుంటుంది, అదే కదలికలో కింది పళ్లెం వెళ్లి అడ్డదారి మూసేస్తుంది. వాల్వే లేకపోతే రెండు దారులూ ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి. నీళ్లు సులువైన దారే చూసుకుంటాయి. రేడియేటర్‌కి పోవాల్సిన వాటాలో చాలావరకు అడ్డదారిన వేడివేడిగా తిరిగి ఇంజిన్‌లోకే వస్తుంది.

మేస్త్రి ఒక్క మాటలో తేల్చేశారు. "చెరువు తూము తెరిచాం, గండి పూడ్చలేదు. పొలానికి నీళ్లెలా వస్తాయి?"

చదును రోడ్డు మీద, చలిలో ఇంజిన్ చేసే వేడి తక్కువ. రేడియేటర్‌కి చేరే ఆ కొంచెం నీళ్లే దాన్ని 64కి దించేస్తాయి. ఘాట్‌లో రెండో గేరు, నలుగురు మనుషులు, 25 స్పీడు గాలి. అప్పుడు ఆ కొంచెం చాలదు. చలికీ వేడికీ కారణం ఒకటే. పీ0128 మొదటి రోజే చెప్పింది. పాత జీపుల్లో బైపాస్ ఇలా ఉండేది కాదేమో, మేస్త్రి అనుభవం అక్కడ నిజమే అయ్యుండొచ్చు.

మైలేజీ 13 దగ్గరే ఎందుకు వేలాడుతోందో కూడా తెలిసింది. ఇంజిన్ వేడెక్కలేదని కంప్యూటర్ అనుకున్నంతసేపూ పెట్రోల్ కాస్త ఎక్కువే పోస్తుంది.

నవంబరు 23, ఆదివారం

వాల్వ్ విజయనగరం నుంచి బస్సు పార్సిల్‌లో సాలూరు దాకా, అక్కడినుంచి మేస్త్రి మేనల్లుడి బైకు మీద వచ్చింది. అంచు మీద 82 అని కొట్టి ఉంది. బిగించేముందు ఉడికించి చూడాలన్నది నా పట్టుదల.

పాలగిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ని దారంతో వేలాడదీసి, పక్కనే మీటర్ తీగ ముంచి స్టవ్ వెలిగించాను. వాల్వ్ గిన్నె అడుగుకి తగలకూడదు, అడుగు వేడి వేరు. 70, 75, ఏమీ లేదు. 81 దగ్గర అంచు చుట్టూ వెంట్రుకంత సందు. దాంట్లోంచి సన్నటి బుడగ ఒకటి జారి పైకి వచ్చింది. తర్వాత చూస్తుండగానే స్ప్రింగు నొక్కుకుంటూ పళ్లెం కిందికి దిగింది. 94కి పూర్తిగా తెరుచుకుంది, చిటికెన వేలి కొన పట్టేంత. స్టవ్ కట్టేస్తే మళ్లీ మెల్లగా మూసుకుంది. మా ఆవిడ వెనక నిలబడి అంతా చూసి, "బాగుందండీ. ఆ గిన్నె మాత్రం ఇక మీ షాపుకే పట్టుకెళ్లిపోండి" అంది.

మధ్యాహ్నం బిగింపు. మేస్త్రి రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ విప్పి పక్కకి జరిపితే, రెండింటి మధ్య గడ్డి గింజలు, పురుగుల రెక్కలు, ఎర్రమట్టి కలిసి కంబళిలా అతుక్కుని ఉన్నాయి. ఇంజిన్ వైపునుంచి బయటికి నీళ్లు కొట్టి కడిగారు. ఎదురునుంచి కొడితే మట్టి ఇంకా లోపలికి దిగుతుంది. లోపలి భాగం మూడుసార్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా. రేడియేటర్‌కి కొత్త మూత, ఒత్తిడి 1.1 అని ఉన్నది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

గాలి తియ్యడం దగ్గర మళ్లీ యాప్ పనికొచ్చింది. హీటరు ఫుల్లు పెట్టి, మూత తీసి, ఆగి ఉన్న బండిలో ఇంజిన్ నడుపుతూ నింపుతున్నాం. కూలెంట్ అంకె 78 నుంచి 71కి పడి, వెంటనే 86కి ఎగిరింది. నీళ్లకి అంత తొందర ఉండదు. సెన్సార్ కొన మీద గాలి బుడగ పోయినప్పుడే ఇలా గంతులు వేస్తుంది. ఇంకోటి, నీళ్లు మరీ తగ్గి సెన్సార్ గాలిలో తేలితే, ఇంజిన్ కాలిపోతున్నా యాప్‌లో అంకె మామూలుగానే ఉండొచ్చు. కుర్రాడు పై హోసుని పిసుకుతూ ఉంటే బుడబుడమని గాలి వచ్చింది. "భాయినా, పాణి ఫుటుచి!" అని వెనక్కి గెంతాడు, నీళ్లు మరుగుతున్నాయనుకుని. మరగడం కాదు, అరలీటరు పట్టే గాలి బయటికి వచ్చింది. ఆ తర్వాత గీత నున్నగా అయింది.

నవంబరు 30, ఆదివారం

మళ్లీ సాలూరు, మళ్లీ బావమరిది, మళ్లీ నాలుగు లెక్కలు. ఈసారి వెనక సీట్లో రెండు బియ్యం బస్తాలు కూడా.

పొద్దున్న స్టార్ట్ చేసిన ఏడో నిమిషానికి 82. గీతకి మోకాలు వచ్చింది. చూసి ఎంత సంతోషమేసిందో చెప్తే నవ్వుతారు. దిగుడులో 83 కన్నా కిందికి రాలేదు. ఎక్కేటప్పుడు, అదే లారీల వెనక, ఏసీ లేకుండా 96, అక్కడ ఓల్టేజీ తడబడి 92కి దిగడం, మళ్లీ 96. ఏసీ వేస్తే 98. సుంకిలో ఆగి టీ తాగి, ఇంజిన్ ఆపకుండా ఐదు నిమిషాలు చూశాను, 93. కోడ్‌లు లేవు. ఇంకో వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మైలేజీ రాస్తాను.

డిసెంబరు 5, శుక్రవారం

మేస్త్రి ఫోన్. "బాబూ, ఆ బిళ్ల పట్టుకుని ఓసారి రండి. జీపొకటి వచ్చింది, పొట్టంగి ఎక్కేసరికి మరుగుతోందట."

షాపు మూసి వెళ్లాను. స్టీరింగ్ కింద వెతికాను, ఫ్యూజు బాక్సు పక్కన వెతికాను, సీటు కింద కూడా. పోర్టు లేదు. ఉండదు కూడా, అది ఏ కాలం నాటి బండో దాని రంగే చెబుతోంది. నేను బిళ్ల జేబులో పెట్టుకునేలోపే మేస్త్రి ఇంజిన్ రైజ్ చేయించి, కింది హోసు మీద చెయ్యి వేసి నొక్కారు. హోసు లోపలికి పీల్చుకుని చప్పటి రొట్టెలా అతుక్కుపోయింది.

"హోసు లోపల స్ప్రింగు తుప్పు పట్టి పోయుంటాది" అని కుర్రాడిని స్పానర్ తెమ్మన్నారు.